మీటరులో అంకె తగ్గితే దిగులెందుకు?

అన్నం మానేశారు. ఇడ్లీ, దోసె, ఉప్మాల వంక చూడటం లేదు. పెళ్లికి వెళ్లినా బొబ్బట్టు ముట్టుకోకుండా విస్తరి ముందు నుంచి లేచి వచ్చేస్తున్నారు. గుడ్లు, పనీరు, ఆకుకూరలు, కొబ్బరినూనెతోనే పూట గడుస్తోంది. ఇంత నిష్ఠగా ఉంటూ పొద్దున్నే వేలికి సూది గుచ్చుకుని మీటరు చూస్తే... 0.3! 'కనీసం 0.5 అయినా ఉండాలట కదా, మనకెందుకు రాలేదు?' అని దిగులు మొదలవుతుంది. ఇంట్లోవాళ్లకు మరో అనుమానం... 'మాకు తెలియకుండా ఏం తిన్నారు?'

కీటో ఆహారం పాటిస్తున్న చాలా ఇళ్లలో ఇప్పుడిదే తంతు. ఒకప్పుడు ఇంట్లో షుగరు మీటరు ఒక్కటే ఉండేది. దాని పక్కన ఇప్పుడు కీటోన్ల మీటరూ చేరింది. దాని పట్టీలు షుగరు పట్టీలకన్నా ఖరీదు. అయినా పూటకొకటి వాడేస్తున్నారు. అంకె పెరగడానికి కొందరు కాఫీలో వెన్న కలుపుకుంటారు. కొందరు పస్తులుంటారు. ఇంకొందరు కీటోన్ల పొడులు కొని తాగుతారు.

ఇంతకీ ఆ అంకె చెప్పేదేమిటి? తక్కువ ఉంటే పడ్డ కష్టమంతా వృథాయేనా? ఎక్కువ ఉంటే గెలిచినట్టేనా? రెండు ప్రశ్నలకూ జవాబు 'కాదు' అనే. పైగా కొంతమంది విషయంలో తక్కువ అంకెకన్నా ఎక్కువ అంకెను చూసే భయపడాలి.

కొవ్వు నుంచి ఇంధనం

అన్నం తిన్నా, రొట్టె తిన్నా, పండు తిన్నా అందులోని పిండిపదార్థాలు గ్లూకోజుగా మారతాయి. అప్పటికి కావలసినంత వాడుకుని, మిగిలినదాంట్లో కొంత గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది శరీరం. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు అలా నిల్వ ఉంటాయి. భారతీయులకు అందుతున్న శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2025లో వెల్లడించింది. మూడు పూటలా ఇలా తినే మనకు ఆ నిల్వలు ఖాళీ అయ్యే సందర్భం అరుదు.

కీటో ఆహారంలో పిండిపదార్థాలను సాధారణంగా రోజుకు 20 నుంచి 50 గ్రాములకు కుదించేస్తారు. వంద గ్రాముల బియ్యంలోనే దాదాపు 78 గ్రాముల పిండిపదార్థాలుంటాయి. అంటే ఒక్కపూట అన్నంతోనే ఆ హద్దు దాటిపోతుందన్నమాట. ఇలా కుదించిన రెండు నుంచి నాలుగు రోజుల్లో కాలేయంలోని నిల్వ చాలావరకు కరిగిపోతుంది. ఇన్సులిన్ తగ్గుతుంది. ఒంట్లోని కొవ్వు కరిగి కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి వస్తుంది. కాలేయం వాటిలో కొంత భాగాన్ని కీటోన్లుగా మారుస్తుంది.

ఈ కీటోన్లు మెదడు కోసం ప్రకృతి చేసిన ఏర్పాటు. కొవ్వు ఆమ్లాలను మెదడు నేరుగా పెద్దగా వాడుకోలేదు. మరి తిండి దొరకని రోజుల్లో దాని గతేమిటి? అమెరికా వైద్యుడు జార్జ్ కాహిల్ బృందం 1960లలో ఈ ప్రశ్న మీద పరిశోధన చేసింది. వైద్యుల పర్యవేక్షణలో వారాల తరబడి ఉపవాసం ఉన్నవారిని పరీక్షించగా, వాళ్ల మెదడుకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం కీటోన్ల నుంచే అందుతోందని 1967లో తేలింది. అంతవరకూ మెదడు గ్లూకోజు మీదే బతుకుతుందని అనుకునేవారు. ఇందులో చిత్రం ఏమిటంటే... కీటోన్లను తయారుచేసే కాలేయం మాత్రం వాటిని వాడుకోలేదు. వండి వడ్డించడమే దాని పని.

ఒంట్లో తయారయ్యే కీటోన్లు మూడు రకాలు. అసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్, అసిటోన్. రక్తపు మీటరు కొలిచేది రెండోదాన్ని. మూత్రపు పట్టీ రంగు మారేది మొదటిదాన్ని బట్టి. శ్వాసలో బయటికి వచ్చేది మూడోది. కీటో పాటించేవారి నోటి నుంచి ఒక్కోసారి మాగిన పండులాంటి వాసన రావడానికి కారణం అదే. మూడు పరీక్షలూ మూడు వేర్వేరు పదార్థాలను చూస్తాయి కాబట్టి ఒకదాని ఫలితం మరోదానితో సరిపోలకపోవచ్చు.

ట్యాంకులో నీటి లెక్క

డాబా మీద నీళ్ల ట్యాంకు ఉంది. తొంగిచూస్తే సగం వరకే నీళ్లున్నాయి. మోటారు సరిగ్గా పనిచేయడం లేదా? లేక ఇంట్లో నీళ్లు ఎక్కువగా వాడేస్తున్నారా? నీటిమట్టం ఒక్కటే చూసి ఈ సంగతి ఎవరూ చెప్పలేరు. మోటారు గంటల తరబడి తిరుగుతున్నా ఇంట్లో కుళాయిలన్నీ విప్పి ఉంటే మట్టం పెరగదు. మోటారు కాసేపే తిరిగినా, ఇంట్లో ఎవరూ లేకపోతే ట్యాంకు నిండుగానే ఉంటుంది.

రక్తంలో కీటోన్ల అంకె కూడా ఇలాంటి నీటిమట్టమే. కాలేయం ఎంత తయారుచేసింది, మెదడు, గుండె, కండరాలు, మూత్రపిండాలు కలిసి ఎంత వాడేశాయి, మూత్రంలో, శ్వాసలో ఎంత పోయింది... ఇవన్నీ పోగా ఆ క్షణాన రక్తంలో మిగిలినదే మీటరులో కనిపిస్తుంది. 0.3 అంటే కీటోన్లు తయారవడం లేదని అర్థం చెప్పుకోనక్కర్లేదు. తయారైనవి తయారైనట్టే ఖర్చవుతున్నాయేమో!

ఇంకో సంగతి. కొవ్వు కరగడం వేరు, కీటోన్లు తయారవడం వేరు. కరిగిన కొవ్వులో చాలాభాగాన్ని కండరాలు కొవ్వు ఆమ్లాలుగానే నేరుగా వాడేసుకుంటాయి. ఆ వాడకం మీటరు లెక్కలోకే రాదు. పైగా కీటోన్లు తయారయ్యేది ఒంటి మీది కొవ్వు నుంచి మాత్రమే కాదు, కంచంలోని కొవ్వు నుంచి కూడా. నెయ్యి, వెన్న దండిగా తిన్నవారికి అంకె బాగా రావచ్చు. నడుము చుట్టుకొలత మాత్రం అంగుళం కూడా తగ్గకపోవచ్చు!

0.5 గీత ఎక్కడిది?

అమెరికాకు చెందిన వైద్యుడు స్టీఫెన్ ఫిన్నీ, పోషకాహార పరిశోధకుడు జెఫ్ వోలెక్ కలిసి 2011లో రాసిన పుస్తకం ద్వారా ఈ 0.5 బాగా ప్రచారంలోకి వచ్చింది. లీటరు రక్తంలో 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ వరకు కీటోన్లు ఉండటాన్ని వారు ఆహారం ద్వారా వచ్చే కీటోసిస్‌గా చెప్పారు. చెప్పుకోవడానికి వీలుగా గీసుకున్న గీత ఇది. 0.4 దగ్గర కొవ్వు కరగడం ఆగిపోయి, 0.5 దగ్గర మొదలవుతుందని కాదు.

ఆ ఇద్దరూ భాగస్వాములుగా ఉన్న ఒక అధ్యయనమే ఈ మాటకు సాక్ష్యం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మధుమేహం ఉన్న 262 మందికి ఏడాదిపాటు కీటో ఆహారం ఇచ్చారు. ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి. ఏడాది చివరికి నిలిచినవారు 218 మంది. సగటున 13 కిలోలకు పైగా బరువు తగ్గారు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 7.6 నుంచి 6.3కు దిగింది. మరి అప్పుడు వాళ్ల రక్తంలో కీటోన్ల సగటు ఎంత? 0.5 కన్నా తక్కువ! గీత దాటకపోయినా బరువు తగ్గింది, చక్కెరా తగ్గింది.

అలాగని ఆ ఫలితం అందరికీ వర్తిస్తుందనుకోవద్దు. ఆ కార్యక్రమాన్ని నడిపింది ఒక సంస్థ. ఎవరు ఏ ఆహారం తినాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించలేదు, ఇష్టపడి వచ్చినవారినే చేర్చుకున్నారు. వైద్యులు ఏడాది పొడవునా వెన్నంటి ఉండి మందుల మోతాదు సరిచేశారు. చెప్పొచ్చేదేమిటంటే... అంకె తక్కువగా ఉండటం, ఫలితం లేకపోవడం రెండూ ఒకటి కావు.

అటువైపు సాక్ష్యం కూడా ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన కెవిన్ హాల్ బృందం అధిక బరువున్న 17 మంది పురుషులను పరిశోధనశాలలోనే ఉంచి, నాలుగు వారాలు మామూలు పిండిపదార్థాల ఆహారం, తర్వాత నాలుగు వారాలు అన్నే కేలరీలున్న కీటో ఆహారం ఇచ్చింది. కీటోన్లు పెరిగాయి. కానీ ఒంటి కొవ్వు కరిగే వేగం పెరగలేదని 2016లో ప్రకటించింది. అంటే అంకె పెరిగినంత మాత్రాన కొవ్వు ఎక్కువగా కరుగుతుందన్న హామీ కూడా లేదు.

అంకె ఎందుకు తగ్గుతుంది?

తక్కువ అంకెకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని మన చేతిలో ఉన్నవి, కొన్ని లేనివి.

తొలి రోజులు: మొదటి మూడు నాలుగు రోజుల్లో నిల్వ గ్లూకోజే ఇంకా ఖర్చవుతుంటుంది. అప్పుడు 0.2, 0.3 రావడంలో వింతేమీ లేదు. ఈ రోజుల్లో బరువు చకచకా తగ్గుతుంది కానీ అందులో ఎక్కువ భాగం నీరే. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. అది కరిగితే ఇదీ పోతుంది.

పరీక్ష వేళ: రోజంతా అంకె ఒకేలా ఉండదు. చాలామందిలో ఉదయం పూట తక్కువగా, సాయంత్రం, రాత్రి ఎక్కువగా ఉంటుంది. తెల్లవారుజామున కార్టిసాల్ వంటి హార్మోన్లు కాలేయం నుంచి గ్లూకోజును విడుదల చేయించడం ఇందుకొక కారణం. నిన్న సాయంత్రం అంకెను ఈరోజు ఉదయం అంకెతో పోల్చి బెంగపడటం అనవసరం.

నడక, వ్యాయామం: కండరాలు పనిచేస్తున్నప్పుడు కీటోన్లను వాడుకుంటాయి. ఆ సమయంలో అంకె తగ్గొచ్చు. వ్యాయామం ముగిసిన గంట రెండు గంటల తర్వాత పెరగనూవచ్చు. బరువులెత్తడం వంటి తీవ్రమైన కసరత్తు అయితే కాసేపు చక్కెర పెరిగి కీటోన్లు తగ్గుతాయి.

ఇన్సులిన్ ఎక్కువగా ఉండటం: పొట్ట ఉన్నవారిలో, మధుమేహం తొలి దశలో ఉన్నవారిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. అందుకని క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఇన్సులిన్ కాస్త ఎక్కువున్నా చాలు, కీటోన్ల తయారీకి కళ్లెం పడుతుంది. ఇలాంటివారికి అంకె నెమ్మదిగా పెరుగుతుంది. స్టెరాయిడ్ మందులు, నిద్రలేమి, జబ్బు చేయడం కూడా చక్కెరను పెంచుతాయి.

తెలియకుండా తిన్న పిండిపదార్థం: మన వంటింట్లో అసలు చిక్కు ఇదే. 'అన్నం మానేసి జొన్నరొట్టె, రాగిసంకటి తింటున్నాం కదా' అంటారు చాలామంది. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, మంచివే. కానీ జొన్నలైనా రాగులైనా వంద గ్రాముల్లో 65 గ్రాములకు పైగా పిండిపదార్థాలే ఉంటాయి. కందిపప్పులోనూ సగానికి పైగా అవే. గ్లాసు పాలలో సుమారు 10 గ్రాములు. నల్లకారం, కందిపొడి, పులుసులోని చింతపండు, బెల్లం, కూరలో ఉల్లిపాయ, నములుతూ కూర్చునే జీడిపప్పు, దగ్గు మందు... తలా కాస్త చేరి లెక్క తప్పిస్తాయి. ఇంట్లోవాళ్లు దొంగతనం అంటగట్టే ముందు వీటిని ఒకసారి చూడాలి!

మాంసకృత్తులు: గుడ్లు, చికెన్ ఎక్కువ తింటే కీటోన్లు కొంత తగ్గొచ్చు. మాంసకృత్తులు కూడా ఇన్సులిన్‌ను కాస్త కదిలిస్తాయి. ఆ భయంతో వాటిని మరీ తగ్గించేస్తే కండరాలు కరిగిపోతాయి. అంకె కోసం కండ పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

అలవాటు పడిన ఒళ్లు: నెలల తరబడి పాటించేవారిలో మొదట 1.5 వచ్చిన అంకె తర్వాత 0.5 దగ్గర స్థిరపడటం మామూలే. తిండి నియమం మారకపోయినా తయారీకీ వాడకానికీ మధ్య పొంతన కుదిరిందని అనుకోవచ్చు.

మీటరు హద్దులు: ఇంట్లో వాడే ఏ మీటరైనా కొంత అటూఇటూగానే చూపిస్తుంది. 0.3కు, 0.5కు మధ్య ఉన్న తేడా ఆ అటూఇటూలోనే కొట్టుకుపోవచ్చు. ఒక్క చుక్కతో వచ్చిన ఒక్క అంకె మీద తీర్పు చెప్పకూడదు.

అంకె కోసం పరుగు

అంకె పెరగలేదని ఎక్కువమంది మొదట చేసే పని మరింత నూనె, వెన్న తినడం. 2017-18 ప్రాంతంలో తెలుగునాట ఊరూరా కొబ్బరినూనె ఆహార నియమం గురించే చర్చ జరిగింది. అప్పటి నుంచి 'ఎంత కొవ్వు తింటే అంత కొవ్వు కరుగుతుంది' అన్న మాట చాలామంది మనసుల్లో నాటుకుపోయింది. వంద గ్రాముల నూనె అంటే 900 కేలరీలు. శరీరం ముందు ఆ కంచంలోని కొవ్వునే ఖర్చు చేస్తుంది. ఒంటి మీది కొవ్వు జోలికి వెళ్లాల్సిన అవసరం దానికి ఉండదు. పైగా కొబ్బరినూనెలో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వులే. చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ కొందరిలో బాగా పెరిగిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారు, ఇంట్లో ఆ చరిత్ర ఉన్నవారు ఈ సంగతి మరవకూడదు.

రెండో పని కీటోన్ల పొడులు, పానీయాలు తాగడం. తాగిన అరగంట, గంటలో మీటరు అంకె పెరుగుతుంది. నిజమే. కానీ ఆ కీటోన్లు సీసాలోంచి వచ్చాయి, ఒంటి కొవ్వులోంచి కాదు. ట్యాంకర్ తెప్పించి ట్యాంకు నింపుకుని, మా బోరులో నీళ్లు పడ్డాయని సంబరపడటం లాంటిదే ఇది. పైగా రక్తంలో కీటోన్లు పెరిగితే కొవ్వు కరగడం కాస్త తగ్గుతుంది. శరీరం తనకు తానే వేసుకున్న బ్రేకు అది.

మూడో పని పస్తులు. ఆహారమే మానేస్తే అంకె తప్పకుండా పెరుగుతుంది. కాహిల్ పరిశోధనలో వారాల తరబడి ఉపవాసం ఉన్నవారికి 5, 6 దాకా వెళ్లింది. అయితే అది ఆరోగ్యం పెరిగిందనడానికి గుర్తు కాదు, తిండి అందడం లేదనడానికి గుర్తు.

ఎవరికి ఆ అంకె అవసరం?

కీటో ఆహారం పుట్టింది బరువు తగ్గించడానికి కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం దీన్ని సూచించారు. ఉపవాసంతో మూర్ఛలు తగ్గడం అప్పటికే వైద్యులు గమనించారు. ఎల్లకాలం పస్తులుంచలేరు కాబట్టి ఉపవాసం లాంటి స్థితిని ఆహారంతోనే తెచ్చే ఉపాయం ఆలోచించారాయన. తర్వాత మూర్ఛకు మందులు రావడంతో అది మరుగున పడింది. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లల కోసం 1990లలో మళ్లీ వెలుగులోకి వచ్చింది. లండన్‌లో 145 మంది పిల్లలతో జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. మూడు నెలల్లో కీటో ఆహారం తీసుకున్నవారిలో 38 శాతం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి. తీసుకోనివారిలో అది 6 శాతమే.

ఇలాంటి పిల్లల విషయంలో అంకెకు విలువ ఉంది. రక్తంలో కీటోన్లు 4 మిల్లీమోల్స్ దాటినవారిలో మూర్ఛలు మరింత అదుపులో ఉన్నట్టు 2000లో ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. అక్కడ కీటోన్లే మందు లాంటివి. మందు మోతాదు కొలిచినట్టే వాటినీ కొలుస్తారు. ప్రతి గ్రామూ తూచి, నరాల వైద్యుడు, ఆహార నిపుణుడు కలిసి నడిపించే చికిత్స అది. బరువు తగ్గాలనుకునే నడివయసు వ్యక్తికి ఆ లక్ష్యంతో పనిలేదు. ఒకరి మందు చీటీని ఇంకొకరు వాడకూడదన్నది ఇక్కడా వర్తిస్తుంది.

అసలు ప్రమాదం ఇటువైపు

ఇప్పుడు రెండిళ్లు ఊహించుకోండి. రెండు ఇళ్లలోనూ మీటరు 1.8 చూపిస్తోంది. మొదటి ఇంట్లో ఉన్నది మధుమేహం లేని ముప్పయ్యేళ్ల మనిషి, హుషారుగా ఉన్నాడు. రెండో ఇంట్లో మధుమేహానికి మందులు వాడుతున్న పెద్దాయన. ఉదయం నుంచి వికారం, రెండు వాంతులు, నీరసం. మొదటి ఇంట్లో అది కీటో ఆహారం వల్ల వచ్చిన మామూలు అంకె. రెండో ఇంట్లో ఆసుపత్రికి బయల్దేరాల్సిన అంకె!

ఇన్సులిన్ ఉన్నంతకాలం కీటోన్ల తయారీకి కళ్లెం ఉంటుంది. ఇన్సులిన్ బాగా కొరవడితే ఆ కళ్లెం తెగిపోతుంది. కీటోన్లు పోగుపడి రక్తం ఆమ్లంగా మారుతుంది. దీన్నే డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటారు. ప్రాణాంతకం. టైప్-1 మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది, టైప్-2 వారిలోనూ రావచ్చు.

మామూలుగా ఈ పరిస్థితిలో చక్కెర 300, 400 దాటి ఉంటుంది కాబట్టి అనుమానం వస్తుంది. కానీ డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవారిలో అలా కాకపోవచ్చు. ఈ మందులు చక్కెరను మూత్రంలోకి పంపించేస్తాయి. గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసే మంచి మందులే. అయితే వీటితో పాటు పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, పస్తులుంటే, రక్తంలో చక్కెర దాదాపు మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు ప్రమాదకరంగా పెరగొచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015 మేలో ఈ విషయమై హెచ్చరిక జారీచేసింది. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ గడువు 2020లో ముగిసింది. ఆ తర్వాత చౌక రకాలు వచ్చి వాడకం పెరిగింది. ఇంట్లో పెద్దవాళ్ల మాత్రల డబ్బాలో ఇవి ఉన్నాయేమో చూడకుండా వాళ్లను కీటోలోకి దింపడం ప్రమాదం.

మధుమేహం ఉన్నవారు ఒంట్లో బాగోలేనప్పుడు చూసుకోవడానికి బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ చెప్పే లెక్క ఇది... 0.6 లోపు మామూలు. 0.6 నుంచి 1.5 అయితే రెండు గంటల్లో మళ్లీ పరీక్షించాలి. 1.6 నుంచి 3 అయితే వెంటనే డాక్టరును సంప్రదించాలి. 3 దాటితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం, మగత ఉంటే మాత్రం అంకె ఎంతన్నది చూస్తూ కూర్చోకూడదు. 'కీటో మొదలుపెట్టినప్పుడు ఇలాగే ఉంటుందిలే' అనుకుని ఇంట్లో ఉండిపోవడమే ముప్పు తెస్తుంది. మూత్రపు పట్టీని నమ్ముకోవడమూ మంచిది కాదు. ఈ జబ్బులో ఎక్కువగా పెరిగే కీటోన్‌ను అది చూడనే చూడదు.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడేవారికి మరో ముప్పు ఉంది. మందు పాత మోతాదులోనే వేసుకుని అన్నం మానేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. బీపీ మాత్రల మోతాదూ సరిచేయాల్సి రావచ్చు. అందుకే మందు మార్చేది డాక్టరు అయి ఉండాలి, అదీ ఆహారం మార్చకముందే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్-1 మధుమేహం, కిడ్నీ జబ్బు, క్లోమం వాపు వచ్చినవారు సొంతంగా ఈ ఆహారం జోలికి వెళ్లకూడదు.

పరీక్ష చేసుకునేటప్పుడు...

* చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి. తడి వేలి చుక్క పలచబడుతుంది.
* మీటరులో పెట్టింది కీటోన్ల పట్టీయేనా, షుగరు పట్టీయా చూసుకోవాలి. రెండూ చూడగలిగే మీటర్లలో ఈ పొరపాటు జరుగుతుంది.
* పట్టీ గడువు తేదీ చూడాలి. రేకు పొట్లం విప్పిన వెంటనే వాడాలి.
* పట్టీలను 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని సాధారణంగా పెట్టె మీద రాస్తారు. మే నెలలో బండి డిక్కీలోనో, కిటికీ పక్కనో పెడితే అవి చెప్పేది నమ్మలేం.
* పోల్చుకోవాలంటే రోజూ ఒకే వేళ చూడాలి. ఒక్క అంకె కాదు, రెండు మూడు వారాల అంకెలు చూడాలి.
* మధుమేహం లేనివారు, ఆరోగ్యంగా ఉన్నవారు రోజూ పరీక్షించుకోవాల్సిన అవసరమే లేదు. ఆ డబ్బుతో మంచి కూరగాయలు వస్తాయి.

మరి ఏది కొలవాలి?

ముందు నడుము. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలన్నది వైద్యుల లెక్క. బొడ్డు దగ్గర పెట్టే టేపుకు ఖర్చేమీ లేదు. బరువు వారానికొకసారి చూస్తే చాలు. మధుమేహం ఉంటే పరగడుపు చక్కెర, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ. వీటితోపాటు బీపీ, కొలెస్ట్రాల్, క్రియాటినిన్. ఆహారం మార్చకముందు ఒకసారి, మూడు నెలల తర్వాత మరోసారి ఈ పరీక్షలు చేయించుకుంటే దారి సరైనదో కాదో తెలిసిపోతుంది. నడుము తగ్గుతూ, చక్కెర అదుపులో ఉండి, ఎల్‌డీఎల్ పెరగకుండా ఉంటే 0.3 చూసి చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. నడుము తగ్గకుండా ఎల్‌డీఎల్ మాత్రం ఎగబాకుతుంటే 2.5 చూసి మురిసిపోవాల్సిన పనీ లేదు.

రోజుకు కనీసం 130 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సుల్లో చెప్పింది. అంతకన్నా తగ్గించడం అంటే ఒక చికిత్స మొదలుపెట్టడమే. చికిత్స అన్నాక డాక్టరు ఉండాలి, గడువు ఉండాలి, ఫలితం చూసుకోవాలి. కీటో పడనివారు దిగులుపడక్కర్లేదు. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిని పరిశీలిస్తే, ఏడాదిలో కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు బృందాలకూ చక్కెర, మైదా, ప్యాకెట్ తిళ్లు తగ్గించమనీ, కూరగాయలు ఎక్కువ తినమనీ చెప్పారు. కంచంలో అన్నం సగానికి తగ్గించి ఆ చోట కూర, పప్పు పెంచుకోవడం, రాత్రి భోజనం పెందలాడే ముగించడం, రోజూ కాసేపు నడవడం... వీటికి మీటరూ అక్కర్లేదు, పట్టీలూ అక్కర్లేదు. ఇంటిల్లిపాదీ కలిసి చేయొచ్చు కూడా!